పుస్తకంతోనే క్యాడ్.. మెలకువంతా కొలతలోనే

శంషాబాద్: సుమారు 5,500 ఎకరాల్లో నిర్మితమైన రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి 2008 మార్చి 23న విమానాల రాకపోకలు మొదలైన నాటి నుంచి శంషాబాద్ పరిసరాల రూపురేఖలు మారిపోయిన సంగతి విదితమే. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్‌రోడ్డు తోడవడంతో ఒకప్పటి చేలల్లో గోదాములు, హోటళ్లు, అపార్టుమెంట్లు, లేఅవుట్లు వెలిశాయి. వీటిలో ఏది కట్టాలన్నా పునాది తవ్వకముందే కంప్యూటర్ తెరపై నక్షా సిద్ధం కావాలి. ఆ నక్షా గీయగలిగిన డ్రాఫ్ట్స్‌మన్‌కు ఇంజినీర్ల కార్యాలయాల్లో, కాంట్రాక్టర్ల వద్ద, సర్వే సంస్థల్లో పని దొరుకుతుంది.

అయితే ఆ పని నేర్చుకోవడమే చాలామందికి సమస్య. శిక్షణ సంస్థలు ఎక్కువగా ఉన్న అమీర్‌పేట ఇక్కడికి పాతిక కిలోమీటర్లకు అటూఇటూ దూరం. షిఫ్టుల్లో పనిచేసేవారికి, పదో తరగతితో చదువు ఆగినవారికి రోజూ అక్కడికి వెళ్లి రావడం, రుసుము చెల్లించడం తలకు మించిన భారం. అటువంటివారు ఆశ్రయిస్తున్నది 'ఎవరి సాయం లేకుండా నేర్చుకోండి' అంటూ వచ్చే ప్రాథమిక పుస్తకాలను. కోఠిలోని పాత పుస్తకాల దుకాణాల్లో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై ఇటువంటివి చౌకగానే లభిస్తాయి. పుస్తకం ఒక్కటే పట్టుకుని క్యాడ్ వస్తుందా అన్నది అసలు ప్రశ్న. సాఫ్ట్‌వేర్ వరకు నిస్సందేహంగా వస్తుంది. చిక్కంతా కొలతల దగ్గర, ఈ ప్రాంతపు నిబంధనల దగ్గర వస్తుంది. పుస్తకాలు సన్నగా దాటవేసేది కూడా సరిగ్గా ఈ రెండింటినే.

బల్ల మీద నుంచి తెర మీదికి

ఆటోక్యాడ్ తొలి రూపం 1982 డిసెంబరులో వెలువడింది. అంతకుముందు, మన వద్ద ఆ తర్వాత కూడా చాలాకాలం, నక్షాలన్నీ డ్రాయింగ్ బల్లపైనే తయారయ్యేవి. టీ-స్క్వేర్, డ్రాఫ్టర్, ట్రేసింగ్ కాగితం, ఘాటైన అమ్మోనియా వాసనతో వచ్చే ప్రింటు ఆనాటి సామగ్రి. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు వ్యవధి రెండేళ్లు. చేత్తో గీయడం నేర్చిన తర్వాతే కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆ చదువులోని పద్ధతి. పుస్తకంతో నేర్చుకునేవారు ఈ మొదటి మెట్టు ఎక్కకుండా నేరుగా రెండో మెట్టుపై కాలు మోపుతారు. వారికి తొలుత తెలియవలసిన తేడా ఒకటుంది.

కాగితంపై గీసేటప్పుడు స్కేలు ముందుగా నిర్ణయించాలి. కంప్యూటర్‌లో వస్తువును దాని అసలు కొలతతోనే గీయాలి, స్కేలు ప్రింటు తీసేటప్పుడు వస్తుంది. శంషాబాద్ రన్‌వేనే ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని పొడవు 4,260 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. తెరపై అంత పొడవూ ఉన్నదున్నట్లు గీయవచ్చు, హద్దేమీ లేదు. దాన్నే 1:10,000 స్కేలులో ముద్రిస్తే కాగితంపై 426 మిల్లీమీటర్లు అవుతుంది. ఏ3 కాగితం పొడవు 420 మిల్లీమీటర్లే కనుక ఆరు మిల్లీమీటర్ల తేడాతో పట్టదు. ఏ2 తీసుకోవాలి. వెడల్పు మాత్రం ఆరు మిల్లీమీటర్ల సన్నని పట్టీగా కనిపిస్తుంది. ఈ లెక్క ఒక్కసారి చేత్తో వేసుకున్నవారికి పుస్తకంలోని స్కేలు అధ్యాయం ఇక భయపెట్టదు.

రెండువందల గజాలతో మొదలు

పుస్తకాల్లోని తొలి అభ్యాసాలు సాధారణంగా నట్టు, బోల్టు, షట్కోణం వంటివి. ఇంటి నక్షా ఉన్నా అది నేలమాళిగ, చలిమంట గూడు ఉన్న పరాయిదేశపు ఇల్లు. వాటితో కమాండ్లు వస్తాయే గానీ ఇక్కడి పని రాదు. అందుకు బదులు ఈ ప్రాంతంలో సర్వసాధారణమైన 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు గల స్థలాన్ని తీసుకోవడం మేలు. అది 1,800 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 200 చదరపు గజాలు.

అడుగుకు 304.8 మిల్లీమీటర్ల లెక్కన ఆ స్థలం 9,144 మిల్లీమీటర్ల వెడల్పు, 18,288 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. మెట్రిక్ టెంప్లేట్ తెరిచి, 'పాలీలైన్' కమాండ్‌తో 0,0 వద్ద మొదలుపెట్టి, వరుసగా @9144,0 అని, @0,18288 అని, @-9144,0 అని టైపు చేసి, చివర 'క్లోజ్' ఇస్తే స్థలం హద్దు సిద్ధమవుతుంది. అంకెల ముందున్న @ గుర్తుకు 'ఇంతకుముందు ఆగిన చోటు నుంచి' అని అర్థం. గీసింది తెరపై కనిపించకపోతే కంగారు పడనక్కరలేదు. జూమ్ ఎక్స్‌టెంట్స్ ఇస్తే మొత్తం కనిపిస్తుంది. ఎంతోమంది పుస్తకాన్ని మూసి పక్కన పెట్టేది ఈ ఖాళీ తెర వద్దనే అంటే అతిశయోక్తి కాదు.

తర్వాత 'ఏరియా' కమాండ్ ఇస్తే 16,72,25,472 చదరపు మిల్లీమీటర్లు చూపుతుంది. అంటే 167.23 చదరపు మీటర్లు. గజాల్లోకి మారిస్తే మళ్లీ 200 రావాలి. కొందరు లెక్క సులువుగా ఉంటుందని 30 అడుగులను 9 మీటర్లుగా, 60 అడుగులను 18 మీటర్లుగా సర్దేస్తారు. అప్పుడు వచ్చేది 162 చదరపు మీటర్లు, అంటే 194 గజాలకు కాస్త లోపు. ఆరు గజాలకు పైగా స్థలం నక్షాలో గల్లంతైనట్లే. గజం ధరను బట్టి అన్నదమ్ములు పంచాయితీలకెక్కే చోట ఇది చిన్న పొరపాటు కాదు.

హద్దు గీశాక, అభ్యాసం కోసం ముందువైపు ఒకటిన్నర మీటర్లు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదిలి లోపలి గీతలు గీయాలి. ఇల్లు కట్టుకునే చోటు 7.144 మీటర్ల వెడల్పు, 15.788 మీటర్ల పొడవు మిగులుతుంది. అది సుమారు 135 గజాలు. వాస్తవంగా వదలవలసిన జాగా స్థలం విస్తీర్ణాన్ని, భవనం ఎత్తును, రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది కనుక నిబంధనల పట్టిక చూడటం తప్పనిసరి. అటుపై 'ఆఫ్‌సెట్' కమాండ్‌తో 230 మిల్లీమీటర్ల దూరంలో రెండో గీత తీస్తే తొమ్మిది అంగుళాల బయటి గోడ, 115 ఇస్తే నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ వస్తాయి. గోడలు, తలుపులు, కొలతలు, అక్షరాలు వేటికవి వేర్వేరు లేయర్లలో ఉంచే అలవాటు ఈ దశలోనే చేసుకోవాలి. పని పెరిగిన తర్వాత లేయర్లు విడదీయబోవడం కలిసిపోయిన పప్పుల్ని ఏరడం వంటిది.

పాత పుస్తకం, కొత్త తెర

చౌకగా దొరికే పుస్తకాల్లో చాలావరకు పాత వెర్షన్లవి. అంతమాత్రాన అవి పనికిరానివి కావు. లైన్, సర్కిల్, ఆఫ్‌సెట్, ట్రిమ్, కాపీ, మిర్రర్ వంటి కమాండ్ల పేర్లు దశాబ్దాలుగా అవే. వాటిని కీబోర్డుతో టైపు చేసేవారికి తెర ఎంత మారినా ఇబ్బంది ఉండదు. బొమ్మలు చూసి గుర్తులు నొక్కేవారే దారి తప్పుతారు. 2009 వెర్షన్‌తో తెర పైభాగాన రిబ్బన్ వచ్చింది. పాత మెనూల అమరికతో ఉన్న 'క్లాసిక్' తెర 2015 వెర్షన్ నుంచి తొలగిపోయింది. కాబట్టి పుస్తకంలోని బొమ్మకు, ఎదుటి తెరకు పొంతన కుదరకపోతే అది నేర్చుకునేవారి లోపం కాదు.

అయితే కమాండ్ పేరు మారకుండానే నడత మారిన సందర్భాలు రెండు ఉన్నాయి. మొదటిది అంకెల విషయం. 2006 వెర్షన్‌లో 'డైనమిక్ ఇన్‌పుట్' ప్రవేశించింది. అది పనిచేస్తున్నప్పుడు రెండో బిందువుకు @ పెట్టకపోయినా సాఫ్ట్‌వేర్ దాన్ని ముందరి బిందువు నుంచే కొలుస్తుంది. పాత పుస్తకం మాత్రం @ లేకుంటే మూలబిందువు నుంచి కొలుస్తుందని చెబుతుంది. ఫలితంగా పుస్తకంలో చతురస్రం, తెరపై వంకరటింకర గీతలు. ఎఫ్12 మీటతో ఆ సౌకర్యాన్ని ఆపితే పుస్తకం మాట నిజమవుతుంది. రెండోది 'ట్రిమ్'. లోగడ ముందుగా కత్తిరింపు హద్దును ఎంచుకుని, ఎంటర్ నొక్కి, ఆపై అనవసరమైన గీతను చూపాల్సి ఉండేది. 2021 వెర్షన్ నుంచి మొదటి అడుగు లేకుండానే, చూపిన గీత చూపినట్లు తెగిపోతోంది. పుస్తకం ప్రకారం హద్దుగా ఎంచుకున్న గోడే మాయమైతే ఆశ్చర్యపోవలసిన పనిలేదు. కమాండ్ నడుస్తుండగా 'మోడ్' ఎంచుకుని 'స్టాండర్డ్'కు మార్చుకుంటే పాత పద్ధతి తిరిగి వస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఖర్చు వేరే సంగతి. ఒకసారి కొని శాశ్వతంగా వాడుకునే కొత్త లైసెన్సుల విక్రయాన్ని ఆటోడెస్క్ సంస్థ 2016లో నిలిపివేసి చందా పద్ధతికి మారింది. గుర్తింపు పొందిన విద్యాసంస్థల విద్యార్థులకు ఏడాది చొప్పున ఉచిత వినియోగం ఇస్తుంది. కళాశాలతో సంబంధం లేనివారు లిబ్రేక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో రెండు కొలతల నక్షాలను అభ్యసించవచ్చు. కమాండ్లలో కొంత తేడా ఉన్నా లేయర్లు, ఆఫ్‌సెట్లు, బిందువుల లెక్క ఒక్కటే. దొంగ కాపీలతో వైరస్‌లు వస్తాయన్నది అందరూ ఎరిగినదే, వినేవారు తక్కువ.

పుస్తకం చెప్పని సంగతులు

పుస్తకంలోని నక్షా కంటికి సరిగా కనిపిస్తే చాలు. కార్యాలయానికి సమర్పించే నక్షాను కన్ను కంటే ముందు కంప్యూటర్ చూస్తుంది. జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ పరిధిలో 2016 నుంచి నిర్మాణ అనుమతుల నక్షాలను ఆన్‌లైన్‌లో తనిఖీ చేసే విధానం వచ్చింది. 2020లో టీఎస్-బీపాస్, 2025లో బిల్డ్‌నౌ ఆ బాటలోనే వచ్చాయి. స్థలం హద్దు, భవనం హద్దు నిర్దేశిత లేయర్లలో, పూర్తిగా మూసి ఉన్న పాలీలైన్లుగా ఉంటేనే ఇటువంటి తనిఖీ విస్తీర్ణాన్ని లెక్కించగలదు. మూల వద్ద రెండు గీతలు కలిసినట్లే కనిపించి, నిజానికి వెంట్రుకవాసి ఎడం ఉన్నా అది మూసిన హద్దు కాదు. ఎఫ్3 మీటతో 'ఆబ్జెక్ట్ స్నాప్' ఉంచి గీసేవారికి ఈ బెడద ఉండదు. కంటి అంచనాతో మౌస్ నొక్కేవారికి నక్షా తిరిగి వచ్చే దాకా తెలియదు.

విమానాశ్రయం చుట్టుపక్కల మరో లెక్క ఉంది. 2015 నాటి పౌర విమానయాన నిబంధనల ప్రకారం ఇక్కడ భవనాల ఎత్తుపై ఆంక్షలున్నాయి. ఎత్తును నేల నుంచి గాక సముద్రమట్టం నుంచి చూస్తారు. శంషాబాద్ విమానాశ్రయమే సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. ఒక స్థలం 612 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, దానిపై 15 మీటర్ల భవనం కొస 627 మీటర్లకు చేరుతుంది. పైన మూడు మీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటే 630. సెక్షన్ గీసేటప్పుడు ట్యాంకును, లిఫ్టు గదిని మరిచిపోతే లెక్క తప్పుతుంది. ఇది ఏ ప్రాథమిక పుస్తకంలోనూ కనిపించని పాఠం.

ఇక ఇంటి యజమాని అడిగే మొదటి మాట తూర్పు ఎటు అన్నది. ఉత్తర దిక్కు గుర్తు లేని నక్షాను ఆయన చేత పట్టుకోడు. పూజగది, వంటగది ఏ మూలన రావాలన్నది ఆ తర్వాతి చర్చ. నక్షా ఎంత బాగా గీసినా దానిపై సంతకం చేసే అధికారం అర్హత గల ఆర్కిటెక్టుకు, లైసెన్సు పొందిన ఇంజినీరుకు మాత్రమే ఉంటుందని గ్రహించాలి. పుస్తకంతో నేర్చుకున్నవారు తమ పనిని అటువంటివారికి చూపించి ఎర్రసిరా గుర్తులు పెట్టించుకోవడం ఎంతైనా అవసరం. పుస్తకం దిద్దదు కదా.

తొలి నక్షా పూర్తయిన తర్వాత 1:100 స్కేలులో ప్రింటు తీసి, మామూలు స్కేలుబద్దతో స్థలం వెడల్పు కొలిచి చూడవచ్చు. అది 91.4 మిల్లీమీటర్లు ఉండాలి. 88 లేదా 95 వస్తే నక్షాలో వెతకడం కంటే ముందు ప్రింటు అమరికలు తెరవాలి. కాగితానికి సరిపెట్టే 'ఫిట్ టు పేపర్' గడిలో టిక్కు మిగిలిపోయి ఉంటుంది.