పాత కారు, తొలి రంగు

నల్లపాడు నల్లరేగడి నేల. వేసవి గాలికి దుమ్ము రేగి కనబడిన ప్రతి వస్తువుపై పేరుకొనును. 2014లో నిర్మాణము నిలిచిపోయిన అంబాసిడరు కారును ప్రాణప్రదముగా దాచుకొన్నవారు, ఆ దుమ్మును చూచి ఓర్వలేక పొడిగుడ్డతో తుడుతురు. అపకారము అచటనే జరుగును. ఇసుక రేణువులు ఉప్పుకాగితమువలె రంగును గీయును.

ముందు నీటితో కడిగి, నీడలో ఆరనిచ్చి, పిదప మైనమును పలుచగా పూయవలెను. తేనెమైనము 60 సెంటిగ్రేడు డిగ్రీలు దాటిన కొలదికాలమునకే కరగును. బ్రెజిల్ దేశపు కార్నౌబా తాటియాకుల మైనము 80 దాటినగాని కరగదు. ఎండలో కారు రేకు గాలికంటె మిక్కిలి వేడెక్కును గనుక మన సీమకు ఇదియే తగినది.

మైనము తానరిగి రంగును కాచును. అరిగిన మైనమును మరల పూయవచ్చును. కర్మాగారములో వేసిన తొలి రంగు పోయినచో తిరిగి రాదు.