ఆరు వందల డాలర్ల డొల్ల

"మీకు పడవెందుకండీ? ఈత కూడా అంతంతమాత్రమే కదా!" అని వేసవి పిక్నిక్కులో అడిగినవారందరికీ అప్పుడు నవ్వి వూరుకున్నాము. చెప్పుకునే స్థితి కాదది. అప్పటికి పడవ మా గ్యారేజీలో సగం కోసి పడివుంది. యింట్లో మాటలు కూడా సగం సగమే నడుస్తున్నాయి.

నిజానికి ఈ సరదా మాది కాదు, మా మామగారిది. ఆయనది కోటిపల్లి రేవు దగ్గర వూరు. ముప్ఫై యేళ్ళు పంటు మీద గౌతమి దాటి ముక్తేశ్వరం వైపు బడికి వెళ్ళి పాఠాలు చెప్పిన మేష్టారు. ఏప్రిల్‌లో మిచిగన్ వచ్చిన దగ్గర్నుంచీ, ఏ వైపు కారులో తీసుకువెళ్ళినా, "ఇన్ని నీళ్ళున్నాయి, అన్నీ ఒడ్డునుంచే చూపిస్తారేమర్రా?" అనేవారు. సెయింట్ క్లెయిర్ సరస్సు మా యింటికి అరగంట దూరం. అక్టోబరు మొదటి వారంలో ఆయనకు తిరుగు టిక్కెట్టు.

కొత్త పడవల ధరలు విని ఆ కొట్టులోంచి త్వరగానే బయటికొచ్చాము. తరువాత వారం మా వీధికి నాలుగు వీధుల అవతల ఒకరి యింటి ముందు గడ్డిలో పదిహేనడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ కనబడింది. ఇంజను లేదు. ట్రెయిలరుతో కలిపి ఆరు వందల డాలర్లు. వెనక కుడివైపు పైమూల ఒక నంబరు చెక్కి వుంది. 1972 నవంబరు నుంచి ఈ దేశంలో తయారైన ప్రతి పడవకూ పన్నెండు అక్షరాల నంబరు వుండాలి. దీని చివరి నాలుగంకెలు 0574, అంటే 1974 మే నెల. మా ఆలుమగలిద్దరికన్నా వయసులో పెద్దది. "అయితే దీన్ని 'గారూ' అని పిలవాలి మీరు" అన్నారు మామగారు.

ఫైబర్‌గ్లాస్ పడవంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. గాజు నారతో నేసిన గుడ్డను రెజిన్‌లో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరచి గట్టిపడనిస్తారు. పైన నునుపుగా రంగు తేలే పొర జెల్‌కోట్. మనకు గంటన్నర దూరంలో వున్న టొలీడోలోనే రే గ్రీన్ అనే ఆయన 1942 ప్రాంతంలో ఇలాంటి తొలి పడవల్లో ఒకటి తయారుచేశాడు. ఈ గాజు డొల్లకు చావు లేదు. ఎండకు వెలుస్తుంది, గీతలు పడుతుంది, అంతే. అసలు సంగతేమిటంటే ఆ డొల్ల లోపల చెక్క వుంటుంది. ఇంజనును మోసే వెనక గోడలో (ట్రాన్సమ్ అంటారు), అడుగున నిలువు దూలాల్లో, కాళ్ళ కింది నేలలో, అన్నిటా ప్లైవుడ్డే. గాజు పొర ఆ చెక్కను కప్పి వుంచుతుంది. చెక్క బాగున్నా కప్పుతుంది, కుళ్ళినా కప్పుతుంది.

కొనే ముందు ఆ గోడను తట్టి చూడాలని మా వారు ఎక్కడో చదివి వచ్చారు. స్క్రూడ్రైవరు పిడితో తడుతూ "సరిగ్గానే వుందనుకుంటా" అన్నారు. తరువాత ఈ వ్యాసం రాస్తున్న చేతులు తట్టాయి. కాకినాడ రంగరాయలో చదివే రోజుల్లో రోగి వీపు మీద ఎడమచేతి మధ్యవేలు ఆనించి కుడిచేతి వేలితో కొట్టి కొట్టి నేర్చుకున్న విద్య ఇది. 1761లో వియన్నా డాక్టరు ఔయెన్‌బ్రుగ్గర్ దీని మీద పుస్తకం రాశాడు. ఆయన తండ్రి పూటకూళ్ళ యిల్లు నడిపేవాడట, పీపాలో సారా ఎంత వుందో తట్టి చూసే అలవాటులోంచే కొడుక్కి ఈ ఆలోచన వచ్చిందంటారు. ఇప్పుడు వార్డులో తట్టేదెవరు? స్కాన్‌కు రాసి పంపుతాము. అయినా చెవి మరిచిపోలేదు. పై అంచున టక్, టక్. రెండు జానల కింద, ఎడమవైపు, దబ్. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిన మనిషి వీపు అలాగే పలుకుతుంది.

విన్నాము. వినీ వూరుకున్నాము. మా వారి మొహం వెలిగిపోతోంది, మామగారు అప్పటికే ట్రెయిలరు ఎక్కి పడవలో కూర్చున్నారు. అమ్మినాయన "నిరుడు కూడా నీళ్ళల్లో దింపాను" అన్నాడు. ఆయన్ను అనవలసిందేమీ లేదు, దిగే వుంటుంది. ఆరు వందలు లెక్కపెట్టి యిచ్చేశాము.

యింటికి తెస్తూంటే ట్రెయిలరు ఎక్కడం దగ్గర కారు మూలిగింది. మర్నాడు నేలలో చిన్న కన్నం పెట్టి వేలు దూర్చితే తడి. పడవ నీళ్ళతో నిండినా మునిగిపోకుండా తేలాలని నేల కింద నురుగులాంటి ఫోమ్ నింపుతారు. యేళ్ళ తరబడి వానకు వదిలేస్తే ఆ ఫోమే స్పాంజిలా నీళ్ళు పీలుస్తుంది. ఒక ఘనపుటడుగు నీరు ఇరవై ఎనిమిది కిలోలు. మా పడవ కడుపులో ఎంత లేదన్నా అయిదారు ఘనపుటడుగుల ఫోమ్ నానివుంది. అంటే ఇద్దరు పెద్ద మనుషులను కనబడకుండా ఎక్కించుకుని తిరిగే పడవ అది.

అప్పుడు చెప్పాము, వెనక గోడ సంగతి కూడా. జూన్ రెండో వారం. మా వారిది కార్ల కంపెనీలో ఇంజనీరు ఉద్యోగం, ఆయన లెక్క ఆయనకుంది. ఫోమ్ తీసేద్దాం, నేల మారుద్దాం, వెనక గోడకు లోపలినుంచి ఒక అల్యూమినియం రేకు బోల్టులతో బిగిద్దాం, ఈ ఒక్క వేసవి గడిపేద్దాం, నాన్నగారు వెళ్ళాక శీతాకాలమంతా తీరుబడిగా కోసుకోవచ్చు. వినడానికి బాగానే వుంది. కాని ఇంజను బరువంతా, తోపుడంతా ఆ గోడ మీదే. సెయింట్ క్లెయిర్ సగటు లోతు పదకొండు అడుగులే గనుక గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, త్వరత్వరగా వస్తాయి. అలాంటిచోట గోడ విడిపోతే నీళ్ళు వెనకనుంచి లోపలికొస్తాయి. పడవలో వుండేది డెబ్బై రెండేళ్ళాయనా, అయిదేళ్ళ పిల్లా. "కొనేరోజే తెలిసి చెప్పనిదానివి ఇప్పుడు డాక్టరీ చేస్తావేం?" అన్నారు. ఆ మాటకు జవాబు లేదు. రెండు రోజులు ఎవరి అన్నం వాళ్ళం తిన్నాము.

మూడో రోజు ప్రొద్దున మామగారే గ్యారేజీలోకి వచ్చారు. "మా రేవులో చెక్క నావనైతే ఒడ్డెక్కించి, సందుల్లో నార కుక్కి, నూనెలో కాచిన గుగ్గిలం పూసేవారు. ఎక్కడ చెడిందో కంటికి కనిపించేది. ఇదేమో పైకి చూస్తే వెండి గిన్నె. ముందు కోయండర్రా, నేను తరువాత ఎక్కుతాను" అన్నారు.

కోశాము. లోపలి పొరను గ్రైండరుతో చుట్టూ కోసి ఊడదీశాము, బయటి పొరను ముట్టుకోలేదు. లోపల చెక్క లేదు. కాచి వడగట్టిన టీ పొడిలాంటి నల్లటి పదార్థం వుంది, పిడికిట్లో పిండితే నీళ్ళు కారాయి. జబ్బు ఎక్కడినుంచి ప్రవేశించిందో కూడా దొరికింది. ఎవరో ఎప్పుడో నిచ్చెన బిగించడానికి వేసిన నాలుగు స్క్రూలు. కన్నాలకు సీలెంటు పూయలేదు. ఆ నాలుగు కన్నాల చుట్టూ చెక్క మరీ మెత్తగా వుంది.

ఇక మరమ్మతు. ముప్పాతిక అంగుళం మెరైన్ ప్లైవుడ్డు రెండు పలకలు, వాటి మధ్యనా వెనకా ఎపాక్సీ. మన సంఘంలో మూడు కుటుంబాల గ్యారేజీల్లో వున్న క్లాంపులన్నీ మా పడవ వెనకకే చేరాయి, వారికి కృతజ్ఞతలు. పడవ పుట్టింది పాలియెస్టర్ రెజిన్‌తోనే అయినా, గట్టిపడిన పాత పాలియెస్టర్‌నూ చెక్కనూ ఎపాక్సీ ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది. ఖరీదు కూడా ఎక్కువే. అడుగున ట్రెయిలరు రోలరు అరగదీసిన చోట మందం పావంగుళం. అలాంటి చోట మందానికి పన్నెండు రెట్ల వాలు వచ్చేలా, అంటే చుట్టూ మూడంగుళాల మేర పల్చగా అరగదీసి, ఆ వాలు మీద గాజు గుడ్డ పొరలు వెయ్యాలి. గుంట పూడ్చినట్టు పూడిస్తే ఊడి వస్తుంది.

మొదటిరోజు ఎపాక్సీ లోతైన డబ్బాలో ఒకేసారి కలిపాము. పది నిమిషాల్లో డబ్బా చేతిని కాల్చింది, పొగలు వచ్చాయి, గట్టిపడి రాయైంది. ముప్ఫై డాలర్లు. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, లోతైన పాత్రలో ఆ వేడి బయటికి పోలేదు. తరువాత కొంచెం కొంచెంగా కలిపి వెడల్పు ట్రేలో పోశాము. హార్డెనరు ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందని మా వారనుకున్నారు. ఎపాక్సీలో అది కుదరదు, కంపెనీ చెప్పిన పాళ్ళు తప్పితే ఎన్నాళ్ళున్నా మెత్తగానే మిగిలిపోతుంది. ఒక పొర ఆరాక పైన జిడ్డులాంటిది తేలితే నీళ్ళతో రుద్ది కడిగి, ఆరనిచ్చి, అప్పుడు రెండో పొర వెయ్యాలి.

డాక్టరు రాస్తున్నది గనుక ఒళ్ళు సంగతి కూడా. గాజు పొడి పడితే వచ్చే దురద ముళ్ళు గుచ్చుకున్న దురద. రుద్దకుండా చన్నీళ్ళతో కడిగితే పోతుంది. ఎపాక్సీ అలాంటిది కాదు. ఒంటికి ఒకసారి పడకపోవడం మొదలైతే ఇక జీవితాంతం పడదు, చుక్క తగిలినా చర్మం పొంగుతుంది. నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి, అసిటోన్‌తో చేతులు కడుక్కోకూడదు. అరగదీసేటప్పుడు పొడిని ఆపే మాస్కు చాలు గాని, రెజిన్ ఆవిరికి ఆ మాస్కు పనికిరాదు, కాట్రిడ్జి రెస్పిరేటరే కావాలి. పాలియెస్టర్ వాడేవారు దానిలో కలిపే పెరాక్సైడ్‌తో మరీ జాగ్రత్త. కంట్లో పడితే చూపు పోగలదు, కళ్ళద్దాలు పెట్టుకోకుండా ఆ సీసా మూత తియ్యవద్దు.

ఫోమ్ కొత్తది నింపి, నేల వేసి, రంగు పూసేసరికి సెప్టెంబరు మూడో వారం. ఇంజను బిగించే ప్రతి కన్నాన్నీ పెద్దదిగా తొలిచి, ఎపాక్సీతో నింపి, దాని మధ్యలో మళ్ళీ తొలిచాము. బోల్టు చెక్కను ముట్టుకోదు. పాత ఇరవై అయిదు హార్స్‌పవరు ఇంజనుకు పద్నాలుగు వందలు, సామానుకు పదకొండు వందలు, లైఫ్ జాకెట్లు అయిదు. ఆరు వందల పడవ మూడు వేలు దాటింది.

నీళ్ళలో దింపిన రోజు మొదటి గంట ఎవరినీ ఎక్కనివ్వలేదు. రేవుకు కట్టి, లోపల పొడిగుడ్డ పరచి, పులిహోర తింటూ కూర్చున్నాము. గుడ్డ తడవలేదు. మామగారు కొబ్బరికాయ కొట్టి, ఒక చిప్ప సరస్సులో వదిలారు. పార్కు ఉద్యోగి వచ్చి ఏమిటని అడిగితే, మా వారు చాలాసేపు వివరించారు. ఆయన నవ్వి, చిప్ప తీసేయమన్నాడు. తీశాము.

మామగారు వెళ్ళేలోపల నాలుగుసార్లు తిరిగారు. నాలుగుసార్లూ వెనకనే, ఇంజను పక్కనే కూర్చున్నారు. మా పిల్ల ఇప్పుడు ఫ్రిజ్జునూ గోడలనూ తట్టి చూస్తోంది.

గ్రైండరు, సాండరు, గ్యాలను ఎపాక్సీలో పావు వంతు మా దగ్గర మిగిలాయి. మన సభ్యుల్లో ఎవరైనా పాత పడవ చూడబోతూంటే శనివారాలు కబురు చెయ్యండి, వచ్చి తట్టి చెబుతాము. ఈసారి విన్నది విన్నట్టే చెబుతాము. రెస్పిరేటరు కాట్రిడ్జిలు మాత్రం ఎవరివి వారే కొనుక్కోవాలి.