లద్దాఖ్‌కు బైకు మీదా? ముందు రాత్రులు లెక్కపెట్టుకోండి!

దసరా సెలవులు ఇంకో నెలలో ఉన్నాయనగా మా ఓపీకి జబ్బేమీ లేనివాళ్లు కొందరు వస్తుంటారు. అంతా ముప్పై ఏళ్లలోపు కుర్రాళ్లు. కొత్త ఉద్యోగం, కొత్త బైకు. ‘లద్దాఖ్‌ పోతున్నాం సార్‌, డయామాక్స్‌ రాసివ్వండి’ అంటారు. వెనక నిలబడ్డ అమ్మో నాన్నో, ‘వద్దని మీరైనా చెప్పండి’ అన్నట్టు నా ముఖంలోకి చూస్తుంటారు.

నేను వద్దనను. సెప్టెంబరులో, అక్టోబరు మొదట్లో ఆ కొండలు చూసి తీరాల్సిందే. ఆకాశం తేటపడి, లోయల్లో చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరిగే కాలమది. మంచు కరిగి రోడ్డుకు అడ్డంగా పారే వాగుల ఉద్ధృతీ తగ్గుతుంది. కాకపోతే ఒక కాగితం చేతికిచ్చి, ‘ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఆ చోటు ఎత్తెంతో రాయండి’ అంటాను. కిలోమీటర్లు, పెట్రోలు బంకులు వాళ్లకు కంఠతా వచ్చు. ఈ ప్రశ్నకు మాత్రం చాలామంది దగ్గర జవాబుండదు.

లేహ్‌ పట్టణం సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. గాలిలో ఆక్సిజన్‌ పాలు అక్కడా 21 శాతమే. కానీ గాలి పీడనం తగ్గిపోవటంతో, సముద్రతీరంలో ఒక శ్వాసకు అందే ఆక్సిజన్‌లో అక్కడ మూడింట రెండొంతులే అందుతుంది. 5,300 మీటర్లు దాటిన ఖార్దుంగ్‌ లా మీద దాదాపు సగమే. శరీరం దీనికి అలవాటు పడగలదు. అయితే అందుకు గంటలు చాలవు, రోజులు కావాలి. కాలినడకన ఎక్కేవాడిని ఆయాసమే ఆపుతుంది. బైకు మీద ఆ అదుపు ఉండదు. ఎక్సలేటర్‌ తిప్పితే చాలు, ఒక్క పూటలో రెండు వేల మీటర్లు పైకి చేరుస్తుంది.

అందుకే 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ వైద్యులు చెబుతారు. పగలు ఎత్తయిన కనుమ దాటి, రాత్రికి కిందికి దిగి పడుకుంటే ఇబ్బంది తక్కువ.

దారి ఎంపికలోనే సగం వైద్యం

శ్రీనగర్‌ నుంచి వెళితే తొలి రాత్రి సుమారు 1,600 మీటర్ల దగ్గర, తర్వాతి రాత్రి కార్గిల్‌లో 2,700 మీటర్ల దగ్గర, ఆ తర్వాతే లేహ్‌. మెట్టు మెట్టుగా ఎక్కినట్టు ఉంటుంది. కార్గిల్‌లో మరో రాత్రి ఆగితే ఇంకా మంచిది. మనాలీ నుంచి వెళితే లెక్క మారుతుంది. మనాలీ ఎత్తు 2,050 మీటర్లు. అటల్‌ సొరంగం వచ్చాక అక్కడ పొద్దున బయల్దేరినవాళ్లు చాలామంది సాయంత్రానికే సర్చు గుడారాలకు చేరుతున్నారు. అది 4,200 మీటర్ల పైమాటే! పైగా సర్చు కొండల మధ్య గిన్నెలాంటిది. అర్ధరాత్రి ఆయాసం మొదలైతే కిందికి దిగటానికి దారి లేదు. మనాలీ వైపు తిరిగితే సుమారు 4,900 మీటర్ల బారాలాచా లా ఎక్కాలి, లేహ్‌ వైపు వెళితే 5,000 దాటిన కనుమలు రెండున్నాయి.

నన్నడిగితే శ్రీనగర్‌ మీదుగా ఎక్కి, శరీరం అలవాటు పడ్డాక మనాలీ మీదుగా దిగండి. మనాలీ నుంచే వెళ్లి తీరాలంటే కీలాంగ్‌లోనో జిస్పాలోనో రెండు రాత్రులు ఆగండి. విమానంలో నేరుగా లేహ్‌లో దిగి అక్కడ బైకు అద్దెకు తీసుకునేవాళ్లు రెండు రోజులు దాన్ని ముట్టుకోకండి. లేహ్‌ నుంచి ముందు నుబ్రా వెళ్లి రండి. మధ్యలో ఖార్దుంగ్‌ లా దాటినా, రాత్రి పడుకునేది లేహ్‌ కంటే తక్కువ ఎత్తులోనే. 4,200 మీటర్ల పైన ఉండే పాంగాంగ్‌ సరస్సు చివరికి ఉంచుకోండి.

రోజూ జిమ్‌కు వెళ్తున్నాం, మాకేమవుతుందనుకోవద్దు. కండబలం ఈ జబ్బును ఆపదు. కుర్రాళ్లకే కాస్త ముప్పు ఎక్కువనాలి, ఎందుకంటే వాళ్లు ఆగరు.

ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవటం, నీరసం మొదలైతే, మరో కారణం తేలేదాకా ఎత్తు జబ్బనే అనుకోండి. అక్కడే ఆగండి, పైకి మాత్రం వెళ్లొద్దు. తగ్గకపోయినా, ముదిరినా దిగిపోండి. కూర్చున్నా ఆయాసం, విడవని దగ్గు, పెదాలు నీలంగా మారటం కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. ఇది తరచుగా రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రిలోపు వస్తుంది, జలుబు దగ్గేలే అని సరిపెట్టుకుంటే ప్రాణం పోతుంది. ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు ఆనిస్తూ గీత మీద నడవమనండి. తూలుతున్నాడంటే మెదడు వాస్తోందనే అనుమానించాలి. ఈ రెండింటిలో ఏదైనా తెల్లారేదాకా ఆగేది కాదు. ఆక్సిజన్‌ పెట్టి, కారులో వెంటనే కిందికి దించాలి. లేహ్‌లో ఉంటే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి.

చిక్కేమిటంటే, పదిమంది గుంపులో తలనొప్పి అని చెప్పటానికి ఒకడు నామోషీ పడతాడు. బాగా లేనివాడు బండి నడపడని, అతనితో పాటు వెనక్కి వెళ్లేది ఎవరో బయల్దేరకముందే తేల్చుకోండి. ఆక్సిజన్‌ తగ్గిన మెదడు తప్పుడు నిర్ణయాలు తీసుకుంటుంది. ఆ దారుల్లో మలుపు దగ్గర ఒక్క తప్పు చాలు.

ఇక ఆ డయామాక్స్‌ సంగతి. అసిటజోలమైడ్‌ మందుగా పనికొస్తుంది. మామూలుగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎత్తుకు ఎక్కే ముందురోజు నుంచి ఇస్తాం. వేళ్లు తిమ్మిరెక్కటం, మూత్రం ఎక్కువగా రావటం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. ఈ మాత్ర రాత్రుల లెక్కకు బదులు కాదు. కర్పూరం వాసన చూస్తే ఆక్సిజన్‌ పెరగదు. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్‌ డబ్బా కొద్ది నిమిషాలకే ఖాళీ అవుతుంది. మద్యం, నిద్రమాత్రల జోలికి వెళ్లొద్దు, అవి నిద్రలో శ్వాసను మందగింపజేస్తాయి.

ఈ మధ్య యాభై దాటిన తండ్రులూ కొడుకుల వెంట బయల్దేరుతున్నారు. సంతోషమే. గుండెకు స్టెంటు పడినవాళ్లు, నడిస్తే ఛాతీ పట్టేసేవాళ్లు పరీక్షలు చేయించుకోకుండా కదలొద్దు. ఇన్సులిన్‌ గడ్డకడితే పనికిరాదు, బ్యాగులో కాకుండా జాకెట్‌ లోపలి జేబులో పెట్టుకోండి. గ్లూకోమీటరూ అక్కడే, చలికి అది తప్పు చూపిస్తుంది. సికిల్‌సెల్‌ జబ్బున్నవాళ్లకు ఈ యాత్ర మంచిది కాదు. లక్షణాలేమీ లేకుండా ఆ జన్యువు మాత్రమే ఉన్నవాళ్లకూ ఎత్తులో ప్లీహం దెబ్బతినొచ్చు. మన ఏజెన్సీ ప్రాంతాలవారు రక్తపరీక్ష చేయించుకుని వెళ్లటం మేలు.

చలినీ తక్కువగా చూడొద్దు. సున్నా డిగ్రీల దగ్గర గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళితే ఒంటికి మైనస్‌ 8 డిగ్రీల చలిలా తగులుతుంది. వేళ్లు కొయ్యబారితే బ్రేకు పట్టలేరు. గాలి చొరని గ్లవ్స్‌ రెండు జతలు ఉండాలి. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోయే కాటన్‌ బనియన్లు, జీన్స్‌ వద్దు. నీడపడే మలుపుల్లో పొద్దున మంచు పేరుకుని కంటికి ఆనదు, ఎండెక్కాకే బయల్దేరండి. రాత్రి తలుపులేసిన గదిలో కుంపటి పెట్టుకోవద్దు. దాని పొగలోని విషవాయువు వల్ల వచ్చే తలనొప్పీ అచ్చం ఎత్తు జబ్బులాగే ఉంటుంది. అక్టోబరు రెండో వారం దాటితే మనాలీ దారి మంచుతో ఎప్పుడు మూసుకుపోతుందో చెప్పలేం. సర్చు గుడారాలు అంతకుముందే ఎత్తేస్తారు.

ఇంట్లో ఉండే పెద్దలకూ ఒక పనుంది. మన ప్రీపెయిడ్‌ సిమ్‌లు అక్కడ పనిచేయవు, గుంపులో ఇద్దరికైనా పోస్ట్‌పెయిడ్‌ ఉండేలా చూడండి. రాత్రుల కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఫోను వచ్చినప్పుడు ఎంత దూరం వెళ్లావని కాకుండా, అన్నం సయించిందా, తలనొప్పి ఉందా, రాత్రి దగ్గొచ్చిందా అని అడగండి. మాట ముద్దగా వస్తున్నా, పొంతన లేకుండా జవాబులు చెబుతున్నా, ఫోను పక్కనున్న స్నేహితుడికి ఇమ్మని చెప్పి, అతన్ని గీత మీద నడిపించి చూడమనండి.