అతికించిన చర్మం అతుక్కునేదాకా

కాలిన గాయాలు, పాము కాటుకు కుళ్లిన కాళ్లు, మానని షుగర్ పుండ్లు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుంచి ఇలాంటి కష్టంతో బయల్దేరేవాళ్లకు పెద్ద దిక్కు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి. గాయం పెద్దదైతే తొడ మీది పలుచని చర్మం తీసి అక్కడ వేస్తారు. ఆపరేషన్ అయిపోయింది కదా అని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త అప్పుడే మొదలవుతుంది.

వేసిన చర్మానికి మొదటి రెండు రోజులు రక్తం అందదు. కింది గాయంలో ఊరే ద్రవంతోనే బతుకుతుంది. ఆ తర్వాత గాయంలోని సన్నని రక్తనాళాలు దానిలోకి అల్లుకుంటాయి. రక్తం సరిగ్గా పారడానికి దాదాపు వారం పడుతుంది. ఈలోగా చర్మం కొంచెం జరిగినా, కింద రక్తమో నీరో చేరినా ఆ నాళాలు కలవవు, చర్మం నల్లబడి చచ్చిపోతుంది. సాధారణంగా అయిదో రోజు దాకా కట్టు విప్పనిది అందుకే. కాలైతే ఎత్తు మీద పెట్టాలి. చూడవచ్చిన చుట్టాల కోసం కట్టు తీసి చూపించకండి.

చర్మం తీసిన తొడే ఎక్కువ మండుతుంది. అది సుమారు రెండు వారాల్లో మానుతుంది. అంటుకున్న కట్టును పీకితే కొత్తగా వచ్చిన చర్మమూ లేచిపోతుంది.

నాకు బాధ కలిగించేది పత్తెం. గుడ్డు, మాంసం, పప్పు తింటే చీము పడుతుందని రోగిని చారన్నం మీద ఉంచుతారు. గాయం పూడటానికి కావలసిన మాంసకృత్తులు ఉండేది వాటిలోనే. కిడ్నీ జబ్బులాంటిది ఉండి డాక్టరు వద్దంటే తప్ప, రోజూ గుడ్డు పెట్టండి. బీడీ, చుట్ట మాత్రం మానాలి, పొగ రక్తనాళాలను కుదిస్తుంది. షుగర్ అదుపులో ఉండాలి.

పూర్తిగా మానాక కూడా ఆ చర్మంలో నూనె ఊరదు. ఎండిపోయి దురద పెడుతుంది. కొబ్బరినూనో వాజిలినో రోజుకు రెండు మూడుసార్లు రాయాలి. మిరప చేనుకు వెళ్తే ఎండ తగలకుండా నూలు బట్ట కప్పుకోవాలి. స్పర్శ తక్కువ కాబట్టి వేడి గిన్నె తగిలినా తెలియదు. మోచెయ్యి, మెడ దగ్గరైతే చర్మం ముడుచుకుపోకుండా డాక్టరు చెప్పిన వ్యాయామం నెలల తరబడి చేయాలి.

దుర్వాసన, చీము, జ్వరం, నలుపు కనిపిస్తే పసరు, పసుపు పెట్టి రోజులు గడపొద్దు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కాబట్టి ఆ లక్షణాలు కనిపించిన రోజే దగ్గర్లోని పెద్దాసుపత్రిలో చూపించండి.