ఖరీదైన మ్యూజిక్ సిస్టమ్ కొంటున్నారా? డబ్బా మీద వాట్లు చూసి మోసపోకండి.. అసలు లెక్క ఇదీ!

పలాసలో జీడిపప్పు కొనేవాళ్లకు ఓ లెక్క బాగా తెలుసు. డబ్ల్యూ 320 రకం కంటే డబ్ల్యూ 180 రకానికే రేటు ఎక్కువ. పౌను బరువుకు ఎన్ని గుండు పప్పులు తూగుతాయో ఆ నంబర్ చెబుతుంది. నంబర్ పెరిగే కొద్దీ పప్పు సైజు తగ్గుతుందన్నమాట. పెద్ద నంబర్ కనబడగానే మంచి సరుకు అనుకుంటే బోల్తా పడినట్టే.

మ్యూజిక్ సిస్టమ్ కొనేటప్పుడు మాత్రం చాలామంది సరిగ్గా ఇక్కడే బోల్తా పడుతున్నారు. ఆంప్లిఫయర్ డబ్బా మీద '1000 వాట్స్' అని ఉంటే చాలు, కళ్లు మూసుకుని కొనేస్తున్నారు. ఉద్దానం నుంచి గల్ఫ్‌కు, ఓడల మీద పనికి వెళ్లి కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కట్టుకుని, హాల్లో మంచి సిస్టమ్ పెట్టుకుందామనుకునే వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఆంప్‌కీ స్పీకర్‌కీ జత కుదరకపోతే పాట బాగోకపోవడమే కాదు.. స్పీకరే కాలిపోవచ్చు. మరి జత కుదిరిందో లేదో తెలిసేదెలా?

ముందు బండి.. తర్వాతే ఎడ్లు

బండి బరువును బట్టి ఎడ్లను చూసుకుంటాం. ఇక్కడ స్పీకర్ బండి అయితే, దాన్ని లాగే ఎడ్లు ఆంప్లిఫయర్. కాబట్టి ముందు మీ చెవికి నచ్చిన స్పీకర్ ఎంచుకోండి. ఆ తర్వాత దాని మాన్యువల్‌లో రెండు నంబర్లు చూడండి. ఒకటి సెన్సిటివిటీ, రెండోది ఇంపెడెన్స్.

సెన్సిటివిటీ అంటే ఏంటి?

స్పీకర్‌కు ఒక్క వాట్ ఇస్తే మీటర్ దూరంలో ఎంత సౌండ్ వినిపిస్తుందో చెప్పే లెక్క ఇది. డెసిబెల్స్‌లో ఉంటుంది. ఇళ్లలో వాడే స్పీకర్లు ఎక్కువగా 85 నుంచి 90 మధ్య ఉంటాయి. 87కీ 90కీ తేడా మూడే కదా అనుకోవద్దు. 3 డెసిబెల్స్ పెరగాలంటే ఆంప్ పవర్ రెట్టింపు కావాలి. 10 డెసిబెల్స్ పెరగాలంటే ఏకంగా పది రెట్లు కావాలి!

ఆడియో ప్రియులకు బాగా తెలిసిన రెండు స్పీకర్లను చూస్తే విషయం ఇట్టే అర్థమవుతుంది. బ్రిటన్‌లో బీబీసీ ఇంజినీర్లు 1970లలో రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ చిన్న స్పీకర్. దాని సెన్సిటివిటీ సుమారు 83 డెసిబెల్స్. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1940లలో తయారుచేసిన క్లిప్ష్‌హార్న్‌కు కంపెనీ చెప్పే లెక్క 105. మధ్యలో తేడా 20 డెసిబెల్స్ పైనే. అంటే పెద్ద స్పీకర్ ఒక్క వాట్‌తో ఇచ్చే సౌండ్‌ను చిన్న స్పీకర్ ఇవ్వాలంటే వంద వాట్లకు పైనే కావాలి. అందుకే 8 వాట్ల వాల్వ్ ఆంప్ క్లిప్ష్‌హార్న్‌తో హాలంతా మోగిస్తుంది. అదే ఆంప్‌ను ఎల్‌ఎస్3/5ఏకి కలిపితే కాస్త వాల్యూమ్ పెంచగానే చేతులెత్తేస్తుంది.

ఓమ్స్ తగ్గితే ఆంప్‌కు భారం

ఇంపెడెన్స్‌ను ఓమ్స్‌లో కొలుస్తారు. ఓ ఆంప్ 20 వోల్టులు ఇస్తోందనుకుందాం. 8 ఓమ్స్ స్పీకర్ అయితే 2.5 ఆంపియర్ల కరెంట్ లాగుతుంది. అది 50 వాట్లు. 4 ఓమ్స్ అయితే 5 ఆంపియర్లు, 100 వాట్లు. ఆ కరెంట్ ఇచ్చే సత్తా ఉన్న ఆంప్ అయితే ఓకే. లేదంటే వేడెక్కి ఆగిపోతుంది, లేదా సౌండ్ చెడుతుంది. పైగా స్పీకర్ మీద రాసిన 8 ఓమ్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల బాగా తగ్గుతుంది. ఇంకో సంగతి.. ఒకే ఆంప్ ఛానెల్‌కు రెండు 8 ఓమ్స్ స్పీకర్లను పక్కపక్కనే కలిపితే, అది 4 ఓమ్స్ కింద లెక్క.

చిన్న ఆంప్‌తోనే పెద్ద ముప్పు

పెద్ద ఆంప్ పెడితే స్పీకర్ కాలిపోతుందని చాలామంది భయం. నిజానికి చిన్న ఆంప్‌ను ఫుల్ వాల్యూమ్‌లో నడిపినా అంతే ప్రమాదం. శక్తికి మించి లాగితే సంగీతం అలల తలలు కోసేసినట్టు అవుతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు. అప్పుడు పైస్థాయి శబ్దాల్లో అనవసరమైన పవర్ పుట్టి నేరుగా ట్వీటర్ మీద పడుతుంది. ట్వీటర్ తట్టుకునేది కొద్ది వాట్లే. పాటలో గరగర వినబడగానే వాల్యూమ్ తగ్గించేయాలి. మామూలు హాల్లో 87 - 89 డెసిబెల్స్ స్పీకర్లకు 50 నుంచి 100 నిజమైన వాట్లు ఇచ్చే ఆంప్ సరిపోతుంది.

మన ఇళ్లలో ఇవీ చూసుకోండి

* లో వోల్టేజ్: మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఆంప్‌లో కరెంట్ 230 నుంచి 200 వోల్టులకు పడిపోతే, గరిష్ఠ పవర్ దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. కాబట్టి కాస్త ఎక్కువ పవర్ ఉన్నదే తీసుకోండి.

* ఇన్వర్టర్: 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత కరెంట్ లేక ఉద్దానం ఎలా అల్లాడిందో తెలిసిందే. ఇన్వర్టర్ మీద సిస్టమ్ నడపాలంటే సైన్ వేవ్ రకమే ఉండాలి. స్క్వేర్ వేవ్ అయితే బుయ్యిమనే మోత వస్తుంది.

* అమెరికా సరుకు: అక్కడి నుంచి తెచ్చిన ఆంప్ 120 వోల్టులదైతే నేరుగా ప్లగ్‌లో పెట్టొద్దు. వెనక లేబుల్ చూడండి.

* గ్రానైట్ ఫ్లోరింగ్: టెక్కలి గ్రానైట్ చూడ్డానికి బాగుంటుంది కానీ శబ్దాన్ని తిప్పికొడుతుంది. స్పీకర్ల ముందు మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన కర్టెన్లు వేస్తే మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. ఆంప్ మార్చే ముందు ఇది చేసి చూడండి.

* ఉప్పు గాలి: తీరంలో వైర్ల కొసలు పచ్చబడతాయి. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయండి. స్పీకర్ కోన్ చుట్టూ ఫోమ్ అంచు కంటే రబ్బరు అంచు తేమకు ఎక్కువ కాలం ఆగుతుంది.

* వైరు: 10 మీటర్ల దూరమైతే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. వేలకు వేలు పోయక్కర్లేదు.

షాపులో ఇవి అడగండి

పీఎంపీఓ వాట్లు పట్టించుకోవద్దు. రెండు ఛానెల్స్ ఒకేసారి పనిచేస్తున్నప్పుడు 8 ఓమ్స్ దగ్గర ఆర్‌ఎంఎస్ వాట్లు ఎన్ని? 4 ఓమ్స్ దగ్గర ఎన్ని? ఎంత డిస్టార్షన్‌తో? 10 శాతం అంటే ఆంప్ అప్పటికే క్లిప్ అవుతున్నట్టు. ఒక శాతం లోపు ఉన్న లెక్కే చూడండి. చివరగా మీకు బాగా తెలిసిన పాట పెట్టించుకుని, అదే ఆంప్, అవే స్పీకర్లతో కాసేపు వినండి. సమాధానం చెప్పకుండా డబ్బా మీద నంబరే చూపిస్తుంటే.. ఇంకో షాపు చూసుకోవడమే మంచిది.