హైబ్రిడ్ కారు: చోటు, చురుకు, వెల

నాందేడు జిల్లా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రములో భాగము. రాష్ట్రముల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చేరినది. ఎల్లలు మారినవి గాని చుట్టఱికములు మారలేదు. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు ప్రాంతముల తెలుగువారికిని, నాందేడు పట్టణమున స్థిరపడినవారికిని పెండ్లిండ్లకు నిజామాబాదు, అక్షరాభ్యాసమునకు బాసర, వైద్యమునకును ఉద్యోగములలోనున్న బిడ్డలను చూచుటకును హైదరాబాదు తప్పనివి. కావున ఇచ్చటి తెలుగు ఇంటి కారునకు రెండు విధములైన పనులు కలవు: వజీరాబాదు వంటి ఇఱుకు వీధులలో అడుగడుగున ఆగుచు సాగుట యొకటి, దెగ్లూరు, మద్నూరు, పిట్లము, జోగిపేటల మీదుగా సుమారు 270 కి.మీ. ఏకబిగిని పరుగెత్తుట మఱియొకటి. హైబ్రిడ్ కారు కొనదలచినవారు ఈ భేదమును మొదటనే గమనింపవలయును. అంగడివారు చెప్పు మైలేజి సంఖ్యలో ఇది కానరాదు.

హైబ్రిడ్ అనగా రెండు శక్తులతో నడచునది. 'సంకరము' అను మాట మన చెవికి ఇంపుగా నుండదు గావున ఆంగ్లపదమునే వాడుచున్నాను. పెట్రోలు యంత్రముతో పాటు విద్యున్మోటారును, చిన్న బ్యాటరీయును ఇందుండును. బ్రేకు వేసినపుడు సాధారణముగా వేడియై పోవు శక్తిని మోటారు విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో నిలువచేయును. మరల కదలునపుడు ఆ విద్యుత్తే చక్రములను త్రిప్పును. దీనికి గోడనుండి తీగ తగిలించి విద్యుత్తు నింపవలసిన పని లేదు. ఈ ఊహ క్రొత్తది కాదు. ఫెర్డినాండ్ పోర్షే 1900 ప్రాంతముననే ఇట్టి బండిని నిర్మించెను. జపానులో టొయోటా సంస్థ 1997 డిసెంబరులో విడుదల చేసిన ప్రియస్ కారుతో ఇది జనసామాన్యమునకు అందినది. మన దేశమున 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ 21.5 లక్షల వెలతో వచ్చి, కొనువారు లేక, ఆ సంవత్సరముననే 8 లక్షలు తగ్గింపబడినది. ఇంధనము ఆదా యగునన్నంత మాత్రమున మనవారు వెలను మఱచిపోరని దీనివలన తేలినది.

మధ్యతరగతి కుటుంబమునకు కొంత దగ్గఱగా వచ్చిన హైబ్రిడ్లు 2022లో వెలువడినవి: మే నెలలో హోండా సిటీ ఇ-హెచ్.ఇ.వి., ఆ తరువాత టొయోటా హైరైడరు, సెప్టెంబరులో మారుతీ గ్రాండ్ విటారా. చివరి రెండును ఒకే యంత్రము గల కవలలు. ఇచ్చట నొక హెచ్చరిక. 'స్మార్ట్ హైబ్రిడ్' అను పేరుతో అమ్మబడు కార్లలో మోటారు యంత్రమునకు స్వల్పముగా చేయూతనిచ్చునే గాని తానొక్కటే బండిని నడుపజాలదు. గ్రాండ్ విటారాయే రెండు రకములుగను వచ్చినది. బిల్లుపై హైబ్రిడ్ అను మాట చూచి మురిసిపోరాదు.

లోపలి చోటును గూర్చి. ముందు వెనుక చక్రముల నడుమ దూరము ఈ కార్లన్నిటిలోను 2600 మి.మీ. మాత్రమే. వెనుక సీటున ఇద్దఱు పెద్దలు సుఖముగా కూర్చుందురు. మూడవవారు మన మర్యాద కొలది సర్దుకొందురు. సిటీ కారులో సీటు నేలకు దగ్గఱగా నుండుటచే మోకాళ్ళ నొప్పులు గల ముసలివారు దిగుటకు, ఎక్కుటకు శ్రమపడుదురు. గ్రాండ్ విటారా, హైరైడరులలో సీటు ఎత్తు. నిలువుననే ఒరిగి కూర్చుండవచ్చును. అయితే పైకప్పునకు పెద్ద అద్దము గల రకములలో పొడగరులకు తల తగులునంత పని యగును.

అసలు చిక్కు వెనుక డిక్కీలో నున్నది. బ్యాటరీ అచ్చటనే చేరుటచే సామానుల చోటు తఱుగును. పెట్రోలు సిటీలో 506 లీటర్లుండిన డిక్కీ హైబ్రిడ్ సిటీలో 306 లీటర్లయినది. గ్రాండ్ విటారాలో 373 లీటర్లు 265కు దిగినది. అంకెలలో ఇది చిన్న విషయముగా తోచును. ఐదుగురు పెండ్లికి బయలుదేరినపుడు తెలియును: పట్టుచీరల పెట్టె, పిల్లల సంచులు, వియ్యాలవారికి సారె గంపలు, తిరుగు ప్రయాణమున ఆవకాయ జాడీలు. వెనుక సీటు మడచినచో చోటు వచ్చును గాని మనుష్యుడొకడు తగ్గవలయును. కొనుటకు ముందు తమ ఇంటి పెట్టెలను అంగడికి తీసికొనిపోయి డిక్కీలో పెట్టి చూచుట నామోషీ కాదు.

ఇక చురుకుదనము. హోండాలో సాధారణముగా యంత్రము విద్యుత్తు పుట్టించును, మోటారు చక్రములను త్రిప్పును. రహదారిపై స్థిరవేగమున మాత్రము యంత్రమే నేరుగా చక్రములకు కలియును. దాని గరిష్ఠశక్తి 126 అశ్వశక్తులు. మోటారు తిప్పుడు బలము 253 న్యూటను మీటర్లు. అది మొదటి క్షణమునుండియే అందుటచే లారీలను దాటుటకు జంకనక్కఱలేదు. టొయోటా పద్ధతిలో పళ్ళచక్రముల కూర్పు ద్వారా యంత్రమును మోటారును పని పంచుకొనును. మొత్తము శక్తి సుమారు 115 అశ్వశక్తులు. ఊరిలో హాయిగా సాగును గాని నిండుబరువుతో ఒక్కసారిగా వేగము పెంచినపుడు మూడు సిలిండర్ల యంత్రము బిగ్గఱగా మూలుగును. మరాఠ్వాడా ఎండలలో నొక మేలు గలదు: ఆగియున్న కారులో చల్లదనపు యంత్రము బ్యాటరీతోనే కొంతసేపు నడచును. బ్యాటరీ ఒక యూనిట్టునకు లోపుదే గావున కొలది నిమిషములలో పెట్రోలు యంత్రము మరల మేల్కొనును.

వెల సంగతి తేల్చుటకు ఒక్క కారునే లెక్కింతము. విడుదలనాడు గ్రాండ్ విటారా జీటా ఆటోమేటిక్ వెల 15.39 లక్షలు, పూర్తి హైబ్రిడ్ యగు జీటా ప్లస్ వెల 17.99 లక్షలు. కొన్ని అదనపు సదుపాయములును అందు చేరినవి గాని తేడా 2.60 లక్షలు. పరీక్షాశాల లెక్క ప్రకారము మొదటిది లీటరునకు 20.58 కి.మీ., రెండవది 27.97 కి.మీ. నడచును. పెట్రోలు లీటరు 105 రూపాయలనుకొన్నచో 100 కి.మీ.కు మిగులునది సుమారు 135 రూపాయలు. 2.60 లక్షలు తిరిగి వచ్చుటకు 1,92,000 కి.మీ.కు పైగా తిరుగవలయును!

ఊరి రాకపోకలలో కథ వేఱు. మాటిమాటికి ఆగు వీధులలో సాధారణ కారు 12 కి.మీ., హైబ్రిడ్ 22 కి.మీ. ఇచ్చుననుకొందము. అపుడు 100 కి.మీ.కు దాదాపు 400 రూపాయలు మిగులును; 65,000 కి.మీ.లకే పెట్టుబడి తీఱును. దినమునకు 50 కి.మీ. ఊరిలోనే తిరుగు వైద్యునికో, కంట్రాక్టరునకో ఇది మూడున్నర యేండ్ల పని. హైదరాబాదు దారిలో బ్రేకు వేయు అవసరమే తక్కువ. బ్రేకు పడనిదే బ్యాటరీకి రాబడి యెక్కడిది? అచ్చట లాభము క్షీణించును.

పన్నులందును ప్రత్యేకమైన ఆదరము లేదు. 2025 సెప్టెంబరు 22 వఱకు ఇట్టి కార్లపై పన్నును సెస్సును కలిసి 43 శాతముండెను. ఆ దినమునుండి 40 శాతమైనది. పూర్తి విద్యుత్తు కార్లకు 5 శాతమే. పైగా మహారాష్ట్రలో 10 నుండి 20 లక్షల వఱకు గల పెట్రోలు కారునకు రోడ్డు పన్ను 12 శాతము. వెల హెచ్చినకొలది ఈ పన్నును హెచ్చును. అనగా తేడా 2.60 లక్షలతో ఆగదు.

బ్యాటరీ చెడునేమోయని పలువురు భయపడుదురు. కంపెనీలు దానికి 8 ఏండ్లు లేక 1,60,000 కి.మీ.లు, ఏది ముందైన అంతవఱకు, పూచీ యిచ్చినవి. ఊరిలో తిరుగువానికి అసలు సొమ్ము ఆ గడువులోపలనే ముట్టును. కేవలము నెలకు రెండుమార్లు హైదరాబాదు పోయి వచ్చు కుటుంబము ఏటికి తిరుగునది సుమారు 13,000 కి.మీ. పరీక్షాశాల మైలేజి ఆ దారిలో దక్కినను, పెట్టిన తేడా రాబట్టుటకు వారికి 15 ఏండ్లు పట్టును. సొంత కారునకు మొదటి రిజిస్ట్రేషను గడువును 15 ఏండ్లే.