నాలుగో మూల ఎందుకు నోరు తెరుస్తుంది? ఎలా సరిచేయాలి?

హైదరాబాద్‌లోని ధూల్‌పేట్ అనగానే వినాయక విగ్రహాలు, పతంగులు గుర్తొస్తాయి. విగ్రహం కిందికి ఒక చెక్క చట్రం కావాలనుకోండి. ముక్కలు కోసి మూడు మూలలు కలిపితే నాలుగోది నోరు తెరుస్తుంది. తప్పు మేకులది కాదు, కోతది. రంపం బల్ల మీద చెక్కను మోసుకెళ్లే జారుడు బల్లకు ఒక ఆనుడు పట్టీ ఉంటుంది. అది బ్లేడుకు సరిగ్గా 90 డిగ్రీల్లో లేకపోతే ప్రతి ముక్కా అదే వంకరతో వస్తుంది, వంకరలన్నీ చివరి మూలలో పేరుకుంటాయి.

మూలమట్టం పెట్టి చూస్తే చాలదా? మొదటి చూపుకు చాలు. కానీ పావు మిల్లీమీటరు తేడా కంటికి తేలిగ్గా ఆనదు, పైగా అరిగిన మూలమట్టమే అబద్ధం చెప్పవచ్చు. అందుకే తప్పును కనిపించేదాకా పెంచాలి. 400 మిల్లీమీటర్ల చదరపు ప్లైవుడ్ ముక్క ఒక అంచు కోసి, కోసిన అంచునే పట్టీకి ఆనించి పక్క అంచు కోయాలి. ఇలా ఒకే దిక్కున తిప్పుతూ నాలుగూ అయ్యాక, మొదటి అంచు నుంచి ఐదో కోతగా సన్నటి పట్టీ తీయాలి. దాని రెండు కొనల వెడల్పులో తేడా 1 మిల్లీమీటరైతే, అది నాలుగు కోతల తప్పు. ఒక్క కోతది, ఆ కొనల మధ్య పొడవుకు, 0.25. రంపం ప్లగ్ తీసేసి, ఆనుడు పట్టీని అంతే పొడవుకు అంత తేడా వచ్చేలా జరిపి, మళ్లీ చూడాలి. (రంపం పని పెద్దలదే, లెక్క మీరు చేయవచ్చు.)

వానాకాలం చెక్క ఎలాగూ ఉబ్బుతుందిగా, ఇంత కచ్చితం దేనికంటారా? చెక్క ఉబ్బేది ఎక్కువగా అడ్డంగానే, పొడవులో దాదాపు మారదు. వంకర కోత మాత్రం ఎండాకాలంలోనూ వంకరే.